‘ఎర్ర ఫైలు’ ఏడో భాగం

నవంబరు 9, ఆదివారం

1998 ఆగస్టులో ఖాతూన్ బీకి ఒక మాట ఇచ్చాను. ఆ మాట తప్పానని ఇవాళ పగలు పదకొండున్నరకు తెలిసింది. ఇన్నేళ్ళూ నిలబెట్టుకున్నాననే అనుకుంటూ వచ్చాను. అనుకోవడమే కాదు, గర్వపడ్డాను కూడా.

ఇప్పుడు నరసరావుపేటలో ఉంటున్నాం గానీ, అప్పుడు నకరికల్లులో మాకూ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ. నేను ఆ ఊరి గ్రామ పరిపాలనాధికారిని. ఆమె భర్త నూర్ మొహమ్మద్ ఇంజన్ల మెకానిక్కు. మర్నాడు నరసరావుపేట కోర్టులో వాళ్ళ కొడుకు షఫీక్ మీద నేను సాక్ష్యం చెప్పాలి. తాను పనిచేసే మోటార్ల షాపు యజమానిని పానాతో కొట్టి చంపాడని కేసు. ఖాతూన్ బీ మా వాకిట్లోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అన్నయ్యా, చూసింది చెప్పు. చూడంది చెప్పమాక. వాడు చేసుంటే ఉరెయ్యమను, నేను ఏడవను. నువ్వేం చెబితే నాకదే నిజం.”

“చూసిందే చెబుతా ఖాతూనమ్మా. మాట,” అన్నాను.

ఇవాళ ఆదివారం పేపరులో ‘ఎర్ర ఫైలు’ గురించి పేజీ నిండా వేశారు. 1997లో దూరదర్శన్‌లో మంగళవారాలు వచ్చిన నేరపరిశోధన సీరియల్. పదమూడు భాగాలు. ఢిల్లీ దాకా బహుమతులు. ఇప్పుడు మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టారట. ‘చిన్నప్పుడు గుడ్లప్పగించి చూశాం, పెద్దవాళ్ళ కళ్ళతో మళ్ళీ చూద్దాం’ అని ఎవరో కుర్ర విమర్శకుడు రాశాడు. నాకా సౌకర్యం లేదు. మొదటిసారి చూసినప్పుడే నాకు యాభై.

మా అమ్మాయి ఉష టీవీలో పెట్టి ఇచ్చి కాలేజీ పేపర్లు దిద్దుకోవడానికి మేడ మీదకు వెళ్ళింది. నేరుగా ఏడో భాగం పెట్టమన్నాను, నాకు బాగా నచ్చిన భాగమని గుర్తు. కాలవ గట్టు. పత్తికట్టె వామి. పోలీసులు బేడీలు విప్పిన ముద్దాయి, ఒక కమ్మరి, ఎడమ చేత్తో కట్టె పక్కకు తోసి, కుడి చేత్తో సుత్తి పైకి లాగి, దాన్ని చొక్కా అంచుతో తుడిచి మరీ డీఎస్పీకి ఇచ్చాడు. ఇచ్చి, “కాలవలో పారేద్దామనుకున్నా సార్. చేతులు రాలా,” అన్నాడు.

అది షఫీక్ చేసిన పని. షఫీక్ అన్న మాట. సాగర్ కాలవ గట్టున నా కళ్ళెదుట జరిగిందని కోర్టులో ప్రమాణం చేసి నేను చెప్పిన సంగతి. సుత్తి బదులు పానా. అంతే తేడా.

నవంబరు 10, సోమవారం

ఎక్కడో పొరపాటు ఉండి ఉంటుంది. ఒకే రకం సంఘటన రెండుచోట్ల జరగకూడదని ఏమీ లేదు.

నవంబరు 11, మంగళవారం

వాళ్ళే మన కేసు నుంచి ఎత్తుకుని ఉంటారని రాత్రంతా నమ్మాను. ఆ దర్శకుడు అలాంటివాడే. పేపరు ఇంటర్వ్యూలో ‘పల్నాడులో నెల రోజులు తిరిగి, మట్టిలోంచి కథ తీశాను’ అంటాడు. తిరిగింది ఏ గెస్ట్‌హౌసులోనో.

పొద్దున్నే పాత కాగితాల పెట్టె దించాను. ఏడో భాగాన్ని మెచ్చుకుంటూ నేను ఒక పత్రికకు ఉత్తరం రాశాను, అచ్చయింది, కత్తిరించి అట్టకు అంటించి దాచుకున్నాను. ‘ఆ కమ్మరి పలికిన మాట నా చెవుల్లో కలకాలం మోగుతూనే ఉంటుంది. — వి. నాగభూషణరావు, నకరికల్లు.’ తేదీ 1997 మార్చి 23.

షాపు యజమాని చనిపోయింది జూన్‌లో.

నవంబరు 13, గురువారం

ఇందిర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మామూలుగా అడిగినట్టు అడిగాను.

“ఏమే, షఫీక్ పానా దొరికిన రోజు నేను కాలవ గట్టుకు ఎట్లా పోయాను? సైకిలా, పోలీసు జీపా?”

“ఎటూ పోలా.”

“సరిగ్గా గుర్తు తెచ్చుకో.”

“గుర్తు తెచ్చుకునేదేంది, ఆ రోజు మీకు విరోచనాలు. పొద్దుటి నుంచి మంచం దిగలా. సాయంత్రం కానిస్టేబులు వచ్చి సంతకం కావాలంటే పోయారు. నేను సగ్గుబియ్యం జావ కాచి దించా. అది చల్లారకముందే తిరిగొచ్చారు.”

“మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

“మీరడిగారా? కోర్టు నుంచి వచ్చి కాలవ గట్టు కత చెబుతుంటే ఊరు ఊరంతా మన అరుగు మీదే కూర్చుంది. మజ్జిగ పోయలేక నా చేతులు పడిపోయినయ్. మధ్యలో లేచి, మా ఆయనకి ఆ రోజు విరోచనాలండీ అని చెప్పమంటారా?”

యాభై రెండేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి. నా పరువు కోసం నోరు మూసుకుందట. ఒక్క మాట, ఆ ఒక్క సాయంత్రం వంటింట్లోకి పిలిచి ఒక్క మాట అని ఉంటే? తప్పు ఆమెది.

తప్పు ఆమెది అని రాసుకుంటే కాసేపు బాగానే ఉంది. భోజనం చేసి పడుకుని లేచేసరికి బాగాలేదు.

నవంబరు 14, శుక్రవారం

ఎలా జరుగుతుందో ఒకసారి ఉన్నదున్నట్టు రాసుకుంటాను. ఎవరూ చదవరు.

ముద్దాయి ఏదైనా వస్తువు చూపిస్తే, దాన్ని పట్టుకునేటప్పుడు పోలీసుల పక్కన ఇద్దరు బయటి మనుషులు ఉండాలి. వాళ్ళను మధ్యవర్తులంటారు. జరిగింది కళ్ళతో చూసి పంచనామా మీద సంతకం చెయ్యాలి. మామూలు మనిషి కోర్టులో భయపడి మాట మారుస్తాడు, ప్రభుత్వ ఉద్యోగి ఉద్యోగానికి భయపడి మార్చడు. కనుక మా బోటివాళ్ళను పిలిచేవారు. పిలవడం అంటే గట్టుకు కాదు, స్టేషన్‌కు. పంచనామా అప్పటికే రాసి ఉండేది. వస్తువు బల్ల మీద ఉండేది. సంతకం, తేదీ, సమయం. సమయం వాళ్ళే చెప్పేవారు. నేను అలా నా సర్వీసులో ముప్ఫై దాకా పెట్టి ఉంటాను. నేనొక్కణ్ణే కాదు, జిల్లాలో ప్రతివాడూ పెట్టాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

నాకూ ఏమీ కాకుండా పోయేది. సబిన్‌స్పెక్టర్ గోపీనాథ్ నాకు నేర్పింది ఒకే వాక్యం: “ముద్దాయి చూపించాడు, మేము చూశాం, సంతకం పెట్టాం. అంతకుమించి మాట్లాడబాకండి సార్.” అలా చెప్పి ఉంటే ఆ సాక్ష్యం నీళ్ళలాగా ఉండేది, షఫీక్ అప్పుడే బయటపడేవాడేమో.

కానీ డిఫెన్సు వకీలు నవ్వాడు. “రావుగారూ, మీరు స్టేషన్లో కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగి, చూపించిన చోట సంతకం పెట్టారు. అవునా, కాదా?” అన్నాడు. కోర్టు హాల్లో మా ఊరివాళ్ళు పాతికమంది ఉన్నారు. ఊళ్ళో అందరికంటే పుస్తకాలు ఎక్కువ చదివినవాణ్ణి. రష్యన్ నవలలు చదివినవాణ్ణి. నన్నొక ముప్ఫై ఏళ్ళ వకీలు వేలిముద్రగాడి కింద జమకట్టాడు.

అప్పుడు చెప్పాను. ఎడమ చేయి, కుడి చేయి, చొక్కా అంచు, కాలవలో పారేద్దామనుకున్నా సార్, చేతులు రాలా. గోపీనాథ్ మొహం చూశాను. అతనికే ఆశ్చర్యం. జడ్జిగారు రాస్తున్న కలం ఆపి నా వంక చూశారు. అంత పెద్ద మనిషి నేను చెప్పేది అంత శ్రద్ధగా వినడం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

అబద్ధమని అప్పుడు నాకు తెలుసా? ఈ ప్రశ్న దగ్గర నాలుగు రోజులుగా తిరుగుతున్నాను. చెబుతున్నప్పుడు నాకు కాలవ కనిపించింది. కట్టె చప్పుడు వినిపించింది. కనిపించింది కనుక చూశాననుకున్నాను. ఇదీ నా జవాబు. బాగానే ఉంది. కానీ సంతకం స్టేషన్లో పెట్టానని ఆ ఉదయం బస్సెక్కేటప్పుడు నాకు తెలుసు కదా.

తీర్పులో రాశారు: ‘ఏడో సాక్షి బాధ్యత గల ఉద్యోగి. స్వయంగా చూడనివాడు ఇంత వివరంగా చెప్పడం అసాధ్యం.’ యావజ్జీవం.

రెండో మధ్యవర్తి కిళ్ళీకొట్టు ముర్తుజా. “నేనేం చూడలేదు సార్, పెట్టమంటే పెట్టా,” అని బోనులో చెప్పి దిగిపోయాడు. మాట మార్చాడని పోలీసులు వాడి కొట్టు మూడు నెలలు తెరవనివ్వలేదు. తన మతం వాణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడాడని ఊళ్ళో మొదట అన్నది నేను. అరుగు మీద కూర్చుని అన్నాను. ముర్తుజా మాట మీదే 2003లో హైకోర్టు షఫీక్‌ను సంశయ లాభం కింద వదిలేసింది. అప్పటికి ఆరేళ్ళు లోపల ఉన్నాడు. నూర్ మొహమ్మద్ పోయి రెండేళ్ళు.

ముర్తుజా పోయినప్పుడు నేను వెళ్ళలేదు. ఏదో పని అనుకున్నాను.

నవంబరు 16, ఆదివారం

ఏడో భాగం మళ్ళీ చూశాను. ఇప్పుడు కనిపిస్తున్నవి అప్పుడెందుకు కనిపించలేదో తెలియదు. డీఎస్పీ విశ్వంభర కమ్మరిని చెంప మీద కొడతాడు, సంగీతం పైకి లేస్తుంది, మనం కుర్చీలో ముందుకు జరుగుతాం. కమ్మరికి వకీలు లేడు. అతని భార్య ఏడవడానికి తప్ప నోరు తెరవదు. తెలివైనవాడు కొడితే న్యాయం అనిపించేలా తీశారు. దానికే బహుమతులు ఇచ్చారు. దానికే నేను ఉత్తరం రాశాను.

సుత్తి తీసేటప్పుడు ఫ్రేములో ఎడమ చివర ఒక బట్టతల మనిషి ఉన్నాడు. చంకలో గొడుగు. మధ్యవర్తి. మూడు సెకన్లు కనిపించి తల ఊపుతాడు. చివర్లో పేర్లు వేసినప్పుడు ఆగి చూశాను. అతని పేరు వెయ్యలేదు.

నవంబరు 19, బుధవారం

విజయపురి సౌత్ వెళ్ళి వచ్చాను. మాచర్ల దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకొకటి. నకరికల్లు మీదుగా పోతుంటే కిటికీ పక్కనుంచి ఇటు జరిగి కూర్చున్నాను.

షఫీక్ వైండింగ్ షాపు బస్టాండు పక్క సందులో. యాభై ఏళ్ళవాడు, గడ్డం పూర్తిగా తెల్లబడింది. మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. తల ఎత్తి చూసి మళ్ళీ దించాడు.

“ఏంది సార్, మోటారు కాలిందా?”

“గుర్తుపట్టావా నన్ను?”

“మిమ్మల్ని మర్చిపోటానికి గవర్నమెంటోళ్ళు ఆరేళ్ళు టైమిచ్చారు. కుదర్లా.”

నిలబడే చెప్పాను. సీరియల్ సంగతి, ఉత్తరం సంగతి, విరేచనాల సంగతి. మధ్యలో రెండుసార్లు చెయ్యెత్తి, “ఆగండి, చుట్లు లెక్క తప్పుద్ది,” అన్నాడు. ఆగాను. చుట్లు పూర్తయ్యాక తీగ కొరికి తెంపాడు.

“అంటే ఆ మాట టీవీలోదా?”

“అవును.”

“నేను రోజూ అనుకునేవాణ్ణి సార్. ఈ మాట ఈయనకి ఎట్టా పుట్టింది, అచ్చం నేననే మాటలాగే ఉందే అని. కొన్నాళ్ళయ్యాక నాకే డౌటొచ్చింది, అన్నానేమో అని. లోపలుంటే అట్టనే అయిద్ది.” నవ్వాడు. “సీరియల్ బాగుండిద్దా?”

నేను ఏ కాగితం మీద కావాలంటే దాని మీద రాసిస్తానన్నాను. కోర్టుకు, పేపరుకు, ఎవరికైనా.

“మీ సంతకాలు చాలు సార్. ఇంకొద్దు.” మోటారును పక్కకు జరిపాడు. “కోర్టు నన్ను వదిలేసింది. వదలంది మా అమ్మ. ఇరవై ఏడేళ్ళుగా నా ఎదుట కూర్చోలా. మా చెల్లెలు ఆస్మా ఇంట్లో ఉంటది. నేను పోతే లోపల గదిలోకి పోయి తలుపేసుకుంటది. నేను చెబితే దొంగమాట. ఆస్మా చెబితే అన్న మీద పాశం. ముర్తుజా బాబాయి చెబితే మనోడని. మరి ఎవరు చెబితే నిజమమ్మా అంటే, భూషణం అన్నయ్య అబద్ధమాడడు అంటది.”

నేను నేల వంక చూశాను. రాగి తీగ ముక్కలు.

“వచ్చే నెల పద్నాలుగో తారీకు మా పెద్దపిల్ల మెహ్జబీన్ నిఖా. నరసరావుపేటలోనే, షాదీఖానాలో. ఆస్మా ఇంటికి నాలుగడుగులు. వాడుంటే నేను రానని చెప్పేసింది. పిల్ల కాళ్ళు పట్టుకున్నా అదే మాట. నాకేం జెయ్యొద్దు సార్ మీరు. పోయి ఆమెకి చెప్పండి. పద్నాలుగు లోపల చెప్పండి.”

చెబుతానన్నాను. మాట అనే పదం మాత్రం వాడలేదు.

నవంబరు 20, గురువారం

ప్రయాణం బడలిక.

నవంబరు 23, ఆదివారం

ఆస్మా ఇల్లు స్టేషన్ వెనక సందులో. మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాలు. ఆదివారం చుట్టాలు ఉంటారు, బాగుండదు.

నవంబరు 27, గురువారం

మోకాలు.

నవంబరు 30, ఆదివారం

వాన. ఇందిర క్యాలెండరులో పద్నాలుగు చుట్టూ పెన్నుతో గీత గీసి పెట్టింది.

డిసెంబరు 2, మంగళవారం

వెళ్ళాము. ఇందిర వెంట వచ్చింది. “మీరొక్కరే పోతే సగం చెప్పి వస్తారు,” అంది.

ఖాతూన్ బీకి చూపు దాదాపు లేదు. గొంతు విని గుర్తుపట్టింది. “భూషణం అన్నయ్యేనా? వదిన కూడా వచ్చిందా? ఆస్మా, కుర్చీలెయ్యే.” నా చెయ్యి పట్టుకుని, నేను కూర్చునేదాకా వదల్లేదు. నకరికల్లులో ఆమెకు హైదరాబాదు నుంచి తమ్ముడు రాసే ఉత్తరాలన్నీ నేనే చదివిపెట్టేవాణ్ణి. అవి ఒక్కొక్కటీ గుర్తు చేసింది. ఒక ఉత్తరంలో చావు కబురు ఉంటే, దాన్ని దాటెయ్యడం చేతకాక ఉన్నదున్నట్టు చదివానట. “వేరేవాళ్ళయితే దాచేవాళ్ళు. ఈయన దాచలా,” అని ఆస్మాకు చెప్పింది.

చెప్పాను. గట్టుకు పోలేదని, చూడలేదని, కోర్టులో చెప్పింది నిజం కాదని. మూడు వాక్యాలే. ఇన్నాళ్ళు సాధన చేసుకున్నవి.

ఆమె నవ్వింది. నవ్వింది అనే రాయాలి.

“షఫీకు పంపించాడా అన్నయ్యా?”

“నేనే వచ్చాను.”

“పిల్ల పెళ్ళని నీకు మనసు కరిగింది. వాడొచ్చి ఏడ్చుంటాడు. నాకోసం అబద్ధమాడటానికి వచ్చావా ఈ వయసులో? నీకు చేతకాదు. నోరు తడబడతాంది చూడు.”

ఇందిర కలగజేసుకుంది. “ఖాతూనమ్మా, ఆ రోజు ఈయన ఇంట్లోనే ఉన్నారు. నేను సాక్ష్యం.”

“నువ్వు మొగుడు చెప్పమంటే చెబుతావు వదినా.” నా వైపు తిరిగింది. “అన్నయ్యా, నేను కోర్టులో వెనక బల్ల మీదే ఉన్నా. మొదట్లో నేనూ నమ్మలా. పోలీసోళ్ళు చెప్పారు, నమ్మలా. నువ్వు ఆ మాట చెప్పినాక నమ్మా. ‘కాలవలో పారేద్దామనుకున్నా, చేతులు రాలా.’ పనిముట్టు పారేసే చేతులు కావయ్యా వాడియ్యి. చిన్నప్పుడు ఒకసారి పానా చెరువులో పడేసొచ్చాడని వాళ్ళ నాయన రెండు పూటలు అన్నం పెట్టనియ్యలా. ఆ మాట వాడు తప్ప లోకంలో ఇంకొకడు అనలేడు. నువ్వెట్టా కల్పిస్తావు?”

నా దగ్గర జవాబు ఉంది. టీవీ అని చెప్పాలి. చెప్పలేదు. రెండుసార్లు టీ తాగి వచ్చేశాము.

ఆటోలో ఇందిర అంది: “ఈయన దాచలా అని ఆమె అంటుంటే మీ మొహం వెలిగింది.”

“నోర్ముయ్,” అన్నాను.

డిసెంబరు 3, బుధవారం

వెలిగింది. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పడానికి వెళ్ళినవాణ్ణి, నమ్మనందుకు సంతోషించాను. కనీసం ఒక మనిషి ఇంకా నన్ను నిజం చెప్పేవాడిగా చూస్తోంది, గుడ్డిదైనా సరే అనిపించింది. రాసి చూసుకుంటే చేతికి మసి అంటినట్టుంది.

డిసెంబరు 6, శనివారం

షఫీక్ ఫోను. చెప్పారా అన్నాడు. చెప్పానన్నాను. నమ్మిందా అన్నాడు. లేదన్నాను. సీరియల్ సంగతి చెప్పారా అన్నాడు. ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. “పెట్టేస్తున్నా సార్,” అన్నాడు.

డిసెంబరు 8, సోమవారం

ఉష ఫోనులో ఏడో భాగం ఎక్కించి ఇచ్చింది. ఎందుకో అడగలేదు. ఇందిర చెప్పినట్టుంది, నా మొహం చూడకుండా ఇచ్చింది. ఉత్తరం అంటించిన అట్ట కూడా సంచిలో పెట్టుకున్నాను. ఈసారి నేనొక్కణ్ణే వెళ్ళాను.

ఆస్మా నన్ను చూసి స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టింది. నేను ఫోను ఖాతూన్ బీ మంచం మీద పెట్టి, “ఇది విను,” అన్నాను.

“పాటలా?”

“విను ఖాతూనమ్మా.”

బూట్ల చప్పుడు. కాలవ నీళ్ళ చప్పుడు. డీఎస్పీ “ఎక్కడ దాచావ్?” అన్నాడు. పత్తికట్టె చప్పుడు. తర్వాత ఆ గొంతు: “కాలవలో పారేద్దామనుకున్నా సార్.”

“చేతులు రాలా,” అంది ఖాతూన్ బీ.

ఫోను కూడా అదే అంది, ఆమె తర్వాత.

“మళ్ళీ పెట్టవే,” అంది కూతురితో. ఆస్మా మళ్ళీ పెట్టింది. మూడోసారీ పెట్టింది. మూడోసారి ఖాతూన్ బీ ఫోను చెవికి ఆనించుకుంది.

“ఇది షఫీకు గొంతు కాదు.”

“కాదమ్మా. యాక్టరు. టీవీ సీరియల్,” అంది ఆస్మా.

“మనోడి కత తీశారా?”

“మీవాడి కథ కాదు,” అన్నాను. “ఆ షాపాయన చనిపోక మూడు నెలల ముందే వచ్చింది. నేను చూశాను. నాకు బాగా నచ్చింది. కోర్టులో ఇదే చెప్పాను.”

అట్ట ఆస్మాకు ఇచ్చాను. ఆమె పైకి చదివింది. కలకాలం మోగుతూనే ఉంటుంది అనే దగ్గర ఆగి నన్ను చూసింది. తేదీ కూడా చదివింది. నా పేరు చదివింది.

ఖాతూన్ బీ ఫోనును మంచం మీద పెట్టి నా వైపు జరిపింది. నేననుకున్నవేవీ జరగలేదు. తిట్టలేదు, ఏడవలేదు. వేళ్ళు మడిచి ఏదో లెక్క వేసింది. రంజాన్లు అనుకుంటాను. చేతుల వేళ్ళు రెండుసార్లు అయిపోయాయి, ఇంకా వేస్తోంది.

“ఒకసారి వాకిట్లో వానలో నిలబడ్డాడు,” అంది. నాతో కాదు. “జైలు నుంచి వచ్చిన రోజు. అమ్మా, తలుపు తియ్, ఒక్కసారి మొహం చూసి చెప్తా అన్నాడు. నేను లోపలి నుంచి, అన్నయ్య చూశాడ్రా అన్నా.”

స్టవ్ మీద నీళ్ళు మరుగుతున్నాయి.

“ఆస్మా, పొయ్యి ఆపెయ్. అన్నయ్య పోతాడు.”

లేచాను. చెప్పులు వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాలేదు, రావాలని కాదు.

డిసెంబరు 9, మంగళవారం

ఏమీ లేదు.

డిసెంబరు 12, శుక్రవారం

ఆస్మా ఫోను చేసి ఇందిరను నిఖాకు పిలిచింది. నన్ను అడగలేదు. ఇందిర పెట్టెలోంచి కంచి చీర తీసి ఎండలో వేసింది.

డిసెంబరు 14, ఆదివారం

ఇందిర పదింటికి ఆటో ఎక్కింది. నేను గదిలో కూర్చుని ఒక నవల తెరిచాను. గతంలో మూడుసార్లు చదివిందే. నేరం చేసినవాడు చివరికి నలుగురిలో నిలబడి ఒప్పుకుంటాడు, మనసు తేలికపడుతుంది. రాసినాయన చాలా గొప్పవాడు. అది అబద్ధమని ఆయనకు తెలిసే ఉంటుంది.

డిసెంబరు 15, సోమవారం

ఇందిర నిన్న నాలుగింటికి వచ్చింది. నిన్న ఏమీ చెప్పలేదు. ఇవాళ నా కంచంలో అన్నం వడ్డిస్తూ చెప్పింది.

“వచ్చిందా ఆమె?” అని నేనే అడిగాను.

“వచ్చింది. ఆస్మా ఒక పక్క, పెళ్ళికూతురు ఒక పక్క పట్టుకుని తీసుకొచ్చారు. ఆడాళ్ళ వైపు కుర్చీలో కూర్చోబెట్టారు. షఫీకు వచ్చి కింద కూర్చున్నాడు.”

“ఏమన్నది?”

“నీ దుకాణం ఎక్కడరా, అంది. వాడు చెప్పాడు. పేరేంది దుకాణానికి అంది. నాయన పేరే పెట్టా అన్నాడు. నీకు షుగరుందా అంది. ఉంది అన్నాడు. పిల్లలెంతమంది అంది. ముగ్గురమ్మా, పెద్దదానికే గదా ఈ పెళ్ళి అన్నాడు. మిగతా ఇద్దరి పేర్లు అడిగింది.” ఇందిర గరిటె గిన్నెలో పెట్టింది. “అట్టా అడుగుతానే ఉందండీ. బస్సులో పక్క సీటు మనిషిని అడిగినట్టు. వాడు అన్నిటికీ చెప్పాడు. అక్కడున్న ఆడాళ్ళందరం మొహాలు తిప్పుకున్నాం.”

“నా గురించి?”

“మీ గురించి ఎవరూ మాట్లాడలా.”

అన్నం తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను. ఇది రాయడానికి కూర్చున్నాను.

గోపీనాథ్ చనిపోయాడు. అతని కొడుకు ఇంట్లో ఫోటోకు దండ ఉంది, పతకం ఉంది. అతను నాకు నేర్పింది ఒక్క వాక్యమే. అది చెప్పి దిగి ఉంటే సరిపోయేది. సీరియల్ తీసినవాడికి నేనెవరో తెలియదు. జడ్జిగారు నమ్మారు, కానీ నమ్మడం ఆయన ఉద్యోగం. ఇందిర నోరు మూసుకుంది, మూయించింది నేను. వీళ్ళందరినీ ఒక్కొక్కరిగా ఈ పుస్తకంలో బోనెక్కించి దింపేశాను. నా మాటంటారా, నా తప్పు నాకు తెలుసు. తెలిసిన తప్పుతో బతకడం అలవాటవుతుంది, ఇప్పటికే కొంచెం అవుతోంది.

ఇక మిగిలింది ఒకటి. ఇది ఇందిరకు చెప్పలేను, ఉషకు చెప్పలేను, రాయడానికే సిగ్గుగా ఉంది. కన్న కొడుకు వాకిట్లో వానలో నిలబడి నేను చెయ్యలేదమ్మా అంటుంటే, గోడ అవతలివాడు కోర్టులో చెప్పిన నాలుగు ముక్కలు పట్టుకుని తలుపు తీయలేదు. నేను అబద్ధమాడాను, నిజమే. ఆమె ఎందుకు నమ్మింది? ఆ నమ్మకం నేను అడగలేదు. మోయలేనని నాకు తెలుసు, ఆమెకు తెలియలేదు. నేను ఇంకా తప్పు పడుతున్నది ఆమెనే. ఖాతూన్ బీని.